విషాన్ని తినే జీవి ఉంది, అడిగే మనిషి ఏడీ?

గమాక్సిన్ పొడి గుర్తుందా?

చీమలు బారు కడితే గడప వెంట గీత గీశాం. బియ్యం డబ్బా పక్కనే చల్లాం. చేలల్లో బీహెచ్‌సీ పేరుతో బస్తాలకు బస్తాలు దులిపాం, ముక్కుకు గుడ్డయినా కట్టకుండా. 1997లో దాన్ని నిషేధించారు. హమ్మయ్య అనుకున్నాం.

నిషేధిస్తే మట్టిలోంచి లేచిపోతుందా?

ఆ పొడిలో పురుగును చంపే సరుకు లిండేన్ ఒక్కటే. పొడిని నిషేధించాక కూడా దాన్ని విడిగా తీస్తూనే ఉన్నారు. టన్ను లిండేన్ తీస్తే ఎనిమిది, పది టన్నుల పనికిరాని విషం మిగిలేది. అదంతా ఎక్కడికి పోయిందని ఎప్పుడైనా అడిగారా?

వినండి. దేశంలో చివరిదాకా లిండేన్ తీసిన ఫ్యాక్టరీ చెత్త లక్నో దగ్గర ఉమ్మరిలో ఆరుబయట గుట్టలు పడటం, అది మట్టిలోకీ నీళ్లలోకీ దిగడం, గడ్డిలోంచి గేదెకూ, గేదె పాలలోంచి మనిషి కొవ్వులోకీ, తల్లిపాలలోంచి చంటిబిడ్డ నోట్లోకీ పాకే ఇలాంటి విషాన్ని 2009లో స్టాక్‌హోం అంతర్జాతీయ ఒప్పందం నిషేధ జాబితాకెక్కిస్తే మనం లిండేన్ వాడకానికి 2013 దాకా గడువివ్వడం, భోపాల్ యూనియన్ కార్బైడ్ పురుగుమందుల ఫ్యాక్టరీ ఆవరణలో మూటగట్టిన 337 టన్నుల చెత్త తగలబెట్టడానికే 2025 రావడం, అక్కడ 11 లక్షల టన్నుల మట్టి పాడైందని నాగ్‌పూర్ నీరీ, మన హైదరాబాద్ ఎన్‌జీఆర్‌ఐ పరిశోధన సంస్థలు 2010లోనే తేల్చినా ఆ మట్టి అక్కడే పడి ఉండటం, దాని పక్కనే జనం కాపురాలు చేయడం, ఇన్ని తెలిసీ మనకు నిద్ర పట్టడం!

విరుగుడు లేదనా?

ఉంది. కటక్ వరి పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు చెరకు వేళ్ల దగ్గరి మట్టిలో ఈ బీహెచ్‌సీ విషాన్నే తినే బ్యాక్టీరియాను పట్టుకున్నారు. 1990లోనే లోకానికి చెప్పారు. దాని పేరు ఇప్పుడు స్ఫింగోబియం ఇండికం. విషంలోని క్లోరిన్‌ను ఊడబెరికి, మిగిలింది మింగుతుంది. ఢిల్లీ విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్ రూప్ లాల్ బృందం దాన్ని మొక్కజొన్న బెండ్లకు పట్టించి పాడైన నేలలో కలిపింది. విషం తగ్గింది.

చల్లేసి చేతులు దులుపుకుంటే పని జరగదు, నిజమే. నేలకు తడి ఉండాలి. కలియదున్నాలి. నెలల తరబడి ఎవరో ఒకరు కనిపెట్టుకుని ఉండాలి.

ఆ ఎవరో ఒకరే దొరకరు!

పాలకు తోడేసి తెల్లారేదాకా గిన్నె కదపకుండా చూసుకుంటామే, ఊరి నేలకు ఆపాటి కాపలా పెట్టలేమా?

ఎక్కడి లక్నో, ఎక్కడి భోపాల్, మనకెందుకంటారా? చీమలు మీ గడపలో చచ్చాయి. చెత్త ఎవరి పెరట్లో పడింది?

మీ జిల్లాలోనూ మూతపడ్డ పురుగుమందుల ఫ్యాక్టరీ ఉండొచ్చు. దాని నేల కింద ఏముందో, ఆ మట్టిని చివరిసారి ఎప్పుడు పరీక్షించారో కాలుష్య నియంత్రణ మండలిని అడగండి. నోటితో కాదు, కాగితం మీద. సమాచార హక్కు దరఖాస్తుకు రుసుము పది రూపాయలు.