రెండవ భాగానికి ఎర్ర సిరా

చాలా దినములకు మరల ఈ పుట తెరిచినాను. కారణం మా మనుమడు.

మొన్నటి సెలవులకు వాడు బెంగుళూరు నుండి ఇద్దరు స్నేహితులను వెంటబెట్టుకొని పుట్టపర్తికి వచ్చినాడు. ముగ్గురూ ఒక చైనా బొమ్మల చిత్రాన్ని గురించి రెండు దినములు వాదులాడుకున్నారు. చిత్రం పేరు 'నెజా 2'. 2019లో వచ్చిన 'నెజా'కు ఇది రెండవ భాగం. 2025 జనవరి 29న, చైనావారి సంవత్సరాది నాడు విడుదలై, రెండువందల కోట్ల డాలర్లకు పైగా వసూలు చేసినది. ఒక పురాణకథకు లోకం ఇంత సొమ్ము పోసినదంటే తేలికగా తీసివేయవలసిన సంగతి కాదు.

వాదం ఇట్లా నడిచినది. ఒకడు "మొదటి భాగం లాగా లేదు" అన్నాడు. ఇంకొకడు ఆ దేశపు పాత కథలను ఆంగ్లంలో చదివినవాడు. "అసలు కథలో ఇట్లా లేనే లేదు" అన్నాడు. మా వాడు "బాగుంది గదా, ఇంకేం కావల్ల?" అన్నాడు. ఎటూ తేలక నా వైపు తిరిగి, "తాతా, నువ్వు తెలుగు పండితుడివి గదా, నువ్వు చెప్పు" అన్నాడు.

వారి కోసం చిత్రం చూచినాను. కాని నా సమాధానం అప్పటికప్పుడు చెప్పలేకపోయినాను. ఇప్పుడు ఇక్కడ వ్రాస్తున్నాను.

మొదట "అసలు కథలో లేదు" అన్న ఆక్షేపణ. ఇంతకూ నెజా ఎవరు? మన నలకూబరుడే. కుబేరుని కొడుకైన నలకూబరుడు బౌద్ధగ్రంథాల వెంట చైనా చేరినాడు. అక్కడివారి నాలుకల మీద పేరు అరిగి అరిగి 'నజా', 'నెజా' అయినది. అతని తండ్రిగా చెప్పే లీ జింగ్ అనే సేనానిలో వైశ్రవణుని, అనగా కుబేరుని రూపమే కలిసిపోయినది. భాగవతంలో మద్దిచెట్టై నిలిచి బాలకృష్ణుని రోటి తాకిడికి శాపవిముక్తి పొందినవాడు ఇతడే. పింగళి సూరన కళాపూర్ణోదయంలో రంభతో కలిసి ద్వారక మీదుగా విమానంలో పోయినవాడూ ఇతడే. సూరనది 16వ శతాబ్ది. ఇంచుమించు అదే కాలంలో చైనాలో రూపొందిన దేవతల నవలలో ఈ నెజా తన మాంసాన్ని, ఎముకలను తల్లిదండ్రులకు తిరిగి ఇచ్చివేసి, తామరపూవుతో కొత్త దేహం పొందుతాడు. ఒకే నలకూబరుడు ఇక్కడ శృంగారనాయకుడు, అక్కడ తండ్రిని ఎదిరించిన పసివాడు. ఇందులో అసలు ఏది? ఆ పిల్లవాడు 'అసలు' అనుకుంటున్న కథ కూడా మన కథకు ఎవరో వ్రాసుకున్న రెండవ భాగమే.

మనకు మాత్రం ఇది కొత్తా? వాల్మీకంలో సీత భూమిలోనికి పోయినది. భవభూతి ఉత్తరరామచరితంలో ఆమెను రామునితో కలిపినాడు. భవభూతిని పురాణవిరోధి అన్న రసజ్ఞుడు నాకు కనబడలేదు. ధర్మవరం దగ్గరి నిమ్మలకుంటకు పోయి చూడండి. తోలుబొమ్మలాటకు పేరుపడిన ఊరు అది. ఆ ఊరి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చినది. ఆ ఆటలో రాముడు అడవిలో శోకిస్తూ ఉండగా మధ్యలో కేతిగాడు, బంగారక్క దూరి ఊరి సంగతులు మాట్లాడుతారు. బియ్యం ధర, అత్తాకోడండ్ర జగడం, అన్నీ వస్తాయి. చిన్ననాడు మా అవ్వ ఒడిలో పడుకొని చూచినప్పుడు, రాముడు త్రేతాయుగంలో ఉన్నాడనీ బంగారక్క మా వీధిలో ఉన్నదనీ నాకు ఎన్నడూ భేదం తోచలేదు. పురాణాన్ని పట్టణంలోనికి దింపడం ఈ కాలపు పిల్లలు కనిపెట్టిన విద్య కాదు.

ఇక రెండవ ఆక్షేపణ, "మొదటి భాగం లాగా లేదు" అన్నది. దీనికి నేను చైనా దాకా పోనక్కరలేదు. మన యముని చిత్రాలున్నవి.

1960లో 'దేవాంతకుడు' వచ్చినది. ఆ వరుసలో 1977 అక్టోబరులో 'యమగోల' వచ్చినది. తాతినేని రామారావు దర్శకత్వం, డి.వి. నరసరాజు మాటలు, రామారావు కథానాయకుడు, కైకాల సత్యనారాయణ యముడు, అల్లు రామలింగయ్య చిత్రగుప్తుడు. నేను అప్పుడు విద్యార్థిని. హిందూపురంలో నేలటిక్కెట్టు మీద చూచినాను. ఆ ఏడాది మార్చిలోనే అత్యవసర పరిస్థితి తొలగినది. రెండేండ్లు నోరు మూసుకొని ఉన్న జనం యమలోకంలో సంఘం, సమ్మె, పాలకుని కంగారు చూచి ఎట్లా నవ్వినారో చెప్పలేను. ఆ నవ్వు యముని మీద కాదు, అధికారం మీద. యముడు మన వీధికి వచ్చి మన అధికారుల ముఖం మనకు చూపించినాడు. యమలోకాన్ని తెర మీద తలక్రిందులు చేసిన ఆ నటుడే 1985లో మా హిందూపురం నుండి శాసనసభకు ఎన్నికైనాడు. 1989లోనూ, 1994లోనూ ఇక్కడివారు ఆయననే గెలిపించినారు.

తరువాత 1988లో 'యముడికి మొగుడు', 1994లో 'యమలీల' వచ్చినవి. యమలీలలో భవిష్యవాణి అనే గ్రంథం భూమి మీద జారిపడుతుంది. దొరికినవాడు మొదట దానితో ఆడుకుంటాడు. ఒకనాడు అందులో తన తల్లి మరణం కనబడుతుంది. హాస్యం మధ్యలో ఆ పుట తెరుచుకున్నప్పుడు హాలులో చప్పుడు ఆగిపోయేది. భవిష్యత్తు తెలియడం వరమా, శిక్షా అన్న ప్రశ్న ఆ చిత్రానికి ప్రాణం.

వీటికి రెండవ భాగాలు కూడా వచ్చినవి. 2007లో 'యమగోల మళ్ళీ మొదలైంది', 2014లో 'యమలీల 2'. మొదటి వాటికి దక్కిన ఆదరణ వీటికి దక్కలేదు. "మొదటిదానిలా లేదు" అన్నారు జనం. నా అభిప్రాయం అందుకు విరుద్ధం. అవి మరీ మొదటిదానిలాగే ఉండబోయినవి. కిరీటం, గద, చిట్టా, భూలోకంలో తికమక, అన్నీ మరల తెచ్చుకున్నారు. 1977లో జనం గొంతులో ఉన్న మాటను మాత్రం తేలేరు. అది తెచ్చుకొనేది కాదు. 2007 జనం గొంతులో ఏమున్నదో వినవలసినది. అప్పు చేసి బోరు వేసి నీరు పడని రైతు, చదువు ముగిసి బెంగుళూరు బస్సు ఎక్కుతున్న కుర్రవాడు, వీరి ఇంటి ముందు యముడు దున్నపోతు దిగి ఉంటే ఏమి అడిగి ఉండేవాడు? ఆ ప్రశ్న పుట్టనిచోట రెండవ భాగం పాత వేషానికి కొత్త రంగు పూయడమే అవుతుంది.

నలకూబరుడు పోయిన దారినే యముడు కూడా చైనా పోయినాడు. యమరాజు అక్కడ 'యెన్‌లో' అయినాడు. నరకంలోని పదిమంది రాజులలో ఒకడు. 1592లో అచ్చయిన 'పడమటి యాత్ర' అనే నవలలో సన్ వుకోంగ్ అనే వానరుడు ఆ నరకానికి పోయి, చావుల చిట్టా తెప్పించి, తన ఆయుష్షు 342 ఏండ్లని చదివి, కుంచె తీసుకొని తన పేరు కొట్టివేస్తాడు. అంతటితో ఊరుకోక తన జాతి కోతుల పేర్లన్నీ కొట్టివేస్తాడు. ఇది చదివినప్పుడు యమలీల చైనాలో ముందే ఆడినదా అనిపించినది.

ఆ నవలకు 1641లో ఒక అనుబంధం వెలువడినది. డోంగ్ యూఎ రచనగా ప్రసిద్ధం, పదహారు అధ్యాయాలు. అందులో వానరుడు ఒక కల వంటి లోకంలో చిక్కుకొని, కొంతసేపు తానే యముని పీఠం ఎక్కవలసి వస్తుంది. మొదటి కథలో చిట్టాను కొట్టివేసినవాడే ఇప్పుడు చిట్టా ముందు తీర్పరి. అతని ఎదుటికి తెచ్చిన దోషి అయిదువందల ఏండ్ల నాటి చిన్ హుయ్ అనే మంత్రి, దేశం కోసం పోరాడిన సేనానిని చంపించిన ద్రోహి. మింగ్ వంశపు రాజ్యం లోపలినుండి కుళ్ళి కూలుతున్న కాలం అది. మూడేండ్లకు, 1644లో, కూలిపోయినది. తన కాలంలో ఎవరినీ పేరు పెట్టి అడగలేని రచయిత పాత ద్రోహిని కోతి ముందు నిలబెట్టినాడు. ఇది మొదటి భాగంలా లేదు. అసలు కథలోనూ లేదు. ఈ రెండు దోషాలూ ఉన్నందువల్లనే అది మిగిలినది.

ఈ తూకంతోనే మా పిల్లల చిత్రాన్ని కూడా చూచినాను. 'నెజా 2'లో యుద్ధాలు నా కంటికి మితిమీరినవి. హాస్యం కొన్నిచోట్ల మొరటు. కాని తెల్లని రాతితో మెరిసే దేవతల మందిరం ఒకటి ఉన్నది. దాని లోపల పట్టి తెచ్చిన 'రాక్షసులను' కరిగించి అమరత్వపు మాత్రలు చేస్తుంటారు. ఎవరిని రాక్షసుడని పిలవాలో తేల్చే అధికారం ఎవరిది అని ఆ పసివాడు అడుగుతున్నాడు. తెల్లని మందిరాలూ పేర్లు పెట్టే అధికారులూ ఒక్క చైనాలోనే లేరు గదా! అందువల్ల అది నిజమైన రెండవ భాగమే అని నా అభిప్రాయం.

ఇంత తేటగా తెలిసిన సంగతిని మనుమడు అడిగిన వెంటనే ఎందుకు చెప్పలేకపోయినానో కూడా వ్రాయాలి.

సుమారు ఇరవై ఏండ్ల క్రిందట తొమ్మిదవ తరగతికి 'నాకు నచ్చిన పురాణపాత్ర' అని వ్యాసం ఇచ్చినాను. ధర్మవరం నేతగాని కొడుకు ఒకడు వ్యాసానికి బదులు కథ వ్రాసినాడు. యముడు వాని తండ్రి కోసం రాత్రి మగ్గం దగ్గరికి వస్తాడు. తండ్రి గుంతలోనుండి తల ఎత్తి, "సామీ, పెండ్లివారి చీర, సగంలో ఉంది. కొంగు దాకా ఆగు" అంటాడు. యముడు దున్నపోతును వేపచెట్టుకు కట్టి అరుగు మీద కూర్చుంటాడు. కొడుకు ప్రతిరాత్రి లేచి, నేసిన పేక పోగులు విప్పుతూ ఉంటాడు. యముడు చూచి చూడనట్లు ఉంటాడు. నాలుగవనాడు, "ఈ చీర ఎంతకు అమ్ముతారు? నీకు కూలి ఎంత?" అని అడుగుతాడు. జవాబు విని, షావుకారు పుట ఎక్కడున్నదో చూడమని చిత్రగుప్తునికి చెబుతాడు. అక్కడ పుటలు అయిపోయినవి. అడుగున 'ఇంకా ఉంది, రెండవ భాగం' అని వ్రాసినాడు.

నేను ఎర్ర సిరాతో అడ్డంగా గీత గీసి, "యముడు కాలం దాటనివ్వడు. పురాణవిరుద్ధం. రెండవ భాగం అనవసరం" అని వ్రాసినాను. రెండు అక్షరదోషాలు కూడా దిద్దినాను. ఆ సంవత్సరాలలో ధర్మవరం నేతగాండ్ల ఆత్మహత్యల వార్తలు పత్రికలలో వస్తూనే ఉండేవి. ప్రొద్దున పత్రిక చదివి బడికి పోయినవాడినే. ఆ పిల్లవాడు రాత్రుళ్ళు మేలుకొని ఎవరికి కావలి కాస్తున్నాడో నాకు తోచలేదు. తరువాత వాడు నేను చెప్పినట్లే వ్యాసాలు వ్రాసినాడు. కథ మాత్రం మరల వ్రాయలేదు. పదవ తరగతి ముగిసినాక మగ్గంలోనికే దిగినాడని విన్నాను.

పురాణవిరుద్ధమని వ్రాసిన నేను పురాణమైనా సరిగా తలుచుకున్నానా? ఎఱ్ఱన తెనిగించిన సావిత్రి కథలో యముడు ఆమె మాటలకు ఆగి, విని, మనసు మార్చుకుంటాడు. కఠోపనిషత్తులో తన వాకిట మూడు రాత్రులు కాచిన నచికేతుడనే బాలునికి యముడే నొచ్చుకొని వరాలిస్తాడు. ఇవన్నీ పాఠం చెప్పినవాడినే. చైనావారి ఐతిహ్యం ఒకటి ఈ మధ్య చదివినాను. యెన్‌లో మొదట నరకంలో మొదటి న్యాయస్థానానికే అధిపతి. అన్యాయంగా చచ్చినవారిని చూచి జాలిపడి తిరిగి భూమికి పంపుతున్నాడని అతనిని అయిదవ స్థానానికి దించినారట. ఆ తొమ్మిదవ తరగతి పిల్లవానికి ఈ యముడు తెలుసు. పండితుడనైన నాకు తెలియలేదు.

కనుక మిత్రులారా, రెండవ భాగం చూచినప్పుడు, చదివినప్పుడు, మూలంలో ఉన్నదా, మొదటిదానిలా ఉన్నదా అని అడగవద్దనను. ఆ తరువాత ఇంకొకటి అడగండి. ఈ దేవుడు మన వీధికి వచ్చి ఎవరి కూలి ఎంతని అడిగినాడు? మనుమడికి కూడా ఇదే వ్రాసి పంపుతున్నాను.

మీలో ఎవరి పాత పుస్తకంలోనైనా నావంటి అయ్యవారు గీసిన ఎర్రగీత ఉంటే, దాని క్రింద ఆగిపోయిన కథను ఇప్పుడైనా పూర్తి చేయండి. అచ్చుతప్పులు దిద్దకుండా చదువుతాను.