ఎవరి తాలూకా?



మన ఉత్తరాంధ్రలో పని కోసం వెళ్తే మొదట అడిగేది "ఏం చదివావు?" అని కాదు, "ఎవరి తాలూకా?" అని. గాజువాకలో వెల్డింగ్ షాపు కానీ, పోర్టులో కాంట్రాక్టర్ ఆఫీసు కానీ, పరవాడ ఫార్మా కంపెనీ గేటు కానీ, అంతటా ఇదే ప్రశ్న. "మా మేనల్లుడండి", "మా ఊరోడేనండి" అని చెప్పే మనిషి ఉంటే లోపలికి రమ్మంటారు. లేకపోతే "నంబరు రాసి వెళ్లు, చెప్తాం" అంటారు. ఆ ఫోను రాదు.

ఈ ప్రశ్నకు జవాబు లేని పిల్లల గురించి ఈసారి రాస్తున్నాను. ప్రభుత్వ బాలల గృహాల్లో, సంస్థల హోముల్లో, కొద్దిమంది ఫోస్టర్ కుటుంబాల్లో పెరిగి, పద్దెనిమిదేళ్లు నిండాక సంచీ సర్దుకుని బయటికొచ్చేవాళ్లు. నిన్నటిదాకా వాళ్లకు ప్రభుత్వమే అమ్మానాన్న. ఇవాళ ఎవరూ కాదు.

"ఇది అనాథ పిల్లల సంగతి కదా, మన ఉద్యమానికేం సంబంధం?" అని కొందరు మిత్రులు అడుగుతారు. చాలా ఉంది. "ఎవరి తాలూకా" అనేది పైకి బంధుత్వం అడుగుతుంది, లోపల కులం అడుగుతుంది. ఈ దేశంలో ఉద్యోగం చాలావరకు చుట్టరికం దారిలోనే నడుస్తుంది. చుట్టరికం కులం దాటదు. దళిత యువకుడికి ఆ దారి సగం మూసి ఉంటుంది. ఏ చుట్టమూ లేని యువకుడికి మొత్తం మూసి ఉంటుంది. రెండింటికీ తాళం వేసింది ఒకే చెయ్యి.

చట్టం లేదా? ఉంది. 2015 జువెనైల్ జస్టిస్ చట్టం 46వ సెక్షన్ ప్రకారం, సంస్థ నుంచి బయటికొచ్చే వాళ్లకు సమాజంలో నిలదొక్కుకునేందుకు ఆర్థిక సాయం ఇవ్వొచ్చు. దాన్నే ఆఫ్టర్ కేర్ అంటారు. అది 21 ఏళ్ల వరకు. ప్రత్యేక పరిస్థితుల్లో మరో రెండేళ్లు పెంచవచ్చని 2016 నిబంధనలు చెబుతున్నాయి. నైపుణ్య శిక్షణ, ఉద్యోగంలో చేర్పించడం కూడా అందులో ఉన్నాయి. మిషన్ వాత్సల్య కింద నెలకు 4 వేల రూపాయలు ఇవ్వాలి. ఈ ఊళ్లో గది అద్దె కట్టాక అందులో ఏం మిగులుతుందో మీరే లెక్కేసుకోండి. ఆ 4 వేలైనా ఎంతమందికి అందుతున్నాయన్నది అసలు ప్రశ్న.

ఇక సర్టిఫికెట్ సంగతి. తల్లిదండ్రుల్ని చిన్నప్పుడే పోగొట్టుకుని, గుర్తింపు ఉన్న హోముల్లో పెరిగిన అనాథలకు మన రాష్ట్రంలో బీసీ-ఏ జాబితాలో చోటుంది. ఈ విషయం చాలామంది పిల్లలకు తెలియదు. పుట్టుకతో ఎస్సీ అయిన పిల్లకి ఇంకో చిక్కు. కుల ధ్రువీకరణ అడిగితే "నాన్న సర్టిఫికెట్ తే" అంటారు. నాన్నే లేడు, సర్టిఫికెట్ ఎక్కడిది? 1961 అప్రెంటిస్ చట్టం ఎస్సీ, ఎస్టీలకు సీట్లు కేటాయించమంటుంది. కానీ ఆ కాగితం లేని పిల్లకి ఆ సీటు కనబడదు. తల్లిదండ్రులు పోయారు, వాళ్లతోపాటు హక్కూ పోయింది. ఇది విధి కాదు, ఆఫీసు నిర్లక్ష్యం.

"అమ్మానాన్నలున్న పిల్లలకే ఉద్యోగాల్లేవు, వీళ్లకెక్కడ తెస్తాం?" అనేవాళ్లున్నారు. నిజమే, ఉద్యోగాల్లేవు. కానీ ఇల్లున్న నిరుద్యోగి రాత్రికి ఇంటికెళ్లి అన్నం తింటాడు. ఇల్లు లేని నిరుద్యోగి ఆ రాత్రే ఎవడు ఏ పని చెప్పినా, ఎంత ఇచ్చినా ఒప్పుకుంటాడు. కాంట్రాక్టర్‌కి కావలసింది సరిగ్గా అలాంటివాడే. 2024 ఆగస్టు 21న అచ్యుతాపురం సెజ్‌లో ఎసెన్షియా ఫార్మాలో పేలుడు జరిగి 17 మంది చనిపోయారు. ఆ కుటుంబాలు వచ్చి నిలబడ్డాయి, నిలదీశాయి. నామినీ గడిలో రాయడానికి పేరే లేని కార్మికుడు చనిపోతే ఆసుపత్రి ముందు ఎవరు కూర్చుంటారు?

మన ఊరికి ఒక పాఠం తెలుసు. 1966లో విశాఖ ఉక్కు కోసం 32 మంది ప్రాణాలిచ్చారు. ఫ్యాక్టరీకి భూములిచ్చిన కుటుంబాలకు ఆర్ కార్డులిచ్చారు. ఆ కార్డు అర్థం ఏమిటి? "నీ నుంచి తీసుకున్నాం, నీకు ఉద్యోగం బాకీ ఉన్నాం" అని. ఆ బాకీ పూర్తిగా తీరలేదు, నిర్వాసితులు ఇంకా అడుగుతూనే ఉన్నారు. అయినా అది దానం కాదు, బాకీ అని అందరూ ఒప్పుకున్నారు. మరి ఏళ్ల తరబడి సంరక్షకుడిగా సంతకం పెట్టిన ప్రభుత్వానికి ఈ పిల్లల విషయంలో బాకీ లేదా? 2021 జనవరిలో కేంద్రం ఉక్కు ఫ్యాక్టరీని నూరు శాతం అమ్ముతామన్నప్పుడు మనం వీధుల్లోకొచ్చాం. ఎందుకు? "ఎవరి తాలూకా" అని అడగకుండా, పరీక్ష పెట్టి, రిజర్వేషన్ చూసి ఉద్యోగమిచ్చే గేట్లు ఈ ఊళ్లో అవే కాబట్టి. ఆ గేటు మూతపడితే మొదట బయట మిగిలేది ఈ పిల్లలే.

కాబట్టి అడగాల్సినవి ఇవి. పదహారేళ్లకే ఆధార్, బ్యాంకు ఖాతా, కుల సర్టిఫికెట్ చేతికివ్వాలి, పద్దెనిమిదో పుట్టినరోజు దాకా ఆగకూడదు. కంచరపాలెం ఐటీఐలో సీటు, హాస్టల్ ముందే చూడాలి. ఉక్కు ఫ్యాక్టరీ, పోర్టు, షిప్‌యార్డ్, రిఫైనరీ అప్రెంటిస్ సీట్లలో వీళ్లకు కొంత వాటా కేటాయించాలి. మహారాష్ట్ర 2018లోనే అనాథలకు చదువులో, ఉద్యోగాల్లో ఒక శాతం ఇచ్చింది. మనకెందుకు కుదరదు?

విద్యార్థి మిత్రులకు ఒక పని. జిల్లా బాలల సంరక్షణ విభాగానికి సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. గత మూడేళ్లలో పద్దెనిమిది నిండి బయటికెళ్లినవాళ్లు ఎంతమంది? ఆఫ్టర్ కేర్ ఎంతమందికి అందింది? ఈ రెండే అడగండి. వచ్చిన జవాబు అందరికీ కనబడేలా పెట్టండి. హోముకి కేకు పట్టుకెళ్లి ఫోటో దిగడం కన్నా ఆ పది రూపాయల దరఖాస్తు ఎక్కువ పని చేస్తుంది.

యూనియన్ అన్నలకు, అక్కలకు ఒక మాట. మీ డిపార్ట్‌మెంట్‌కి అలాంటి కుర్రాడో అమ్మాయో వచ్చినప్పుడు, సూపర్‌వైజర్ "ఎవరి తాలూకా?" అంటే, "మా తాలూకా" అని మీరే చెప్పండి. గేటు నియమాలు మారేదాకా ఆ మాట వాళ్లకు అవసరం. నియమాలు మారేదాకా పోరాటం మనకు అవసరం.

జై భీమ్.