ముందు సర్కారుకు మార్కులెయ్యాలె

లక్సెట్టిపేట నుంచి దండేపల్లి, జన్నారం మీదుగా ఉట్నూరు పోయే దారికి అటూ ఇటూ మన గూడేలున్నాయి. వాటిల్లోని బడుల గురించి ఎవరిని అడిగినా ఒకటే మాట: ఆదివాసీ పిల్లలు చదువులో వెనకబడ్డారు.

ఎవరు కొలిచారు? దేనితో కొలిచారు? 2021 నవంబరు 12న దేశమంతా నేషనల్ అచీవ్‌మెంట్ సర్వే జరిగింది. 3, 5, 8, 10 తరగతుల పిల్లలు రాశారు. ప్రశ్నపత్రాలు 22 భాషల్లో ఇచ్చారు. గారో ఉంది, ఖాసీ ఉంది, మిజో ఉంది. గోండీ లేదు, కొలామీ లేదు. ఇంట్లో నీళ్లను 'ఏర్' అనే మూడో తరగతి పిల్ల తెలుగు ప్రశ్న ముందు బిత్తరపోతే, అది ఆ పిల్ల తెలివికి కొలతా, ఆ పిల్ల మాట తెలియని బడికి కొలతా?

అసలు కొలవొద్దని నేననను. లెక్క లేకపోతే మన బడి మూతబడ్డా అడిగే దిక్కుండదు. పిల్లనూ సారునూ కొలిచేవాళ్లు సర్కారును కూడా కొలవాలె అన్నదే నా వాదన.

ఆ కొలత కొత్తగా కనిపెట్టాల్సిన పని లేదు. విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. ప్రాథమిక బడిలో పిల్లలు 60 మంది లోపున్నా ఇద్దరు టీచర్లుండాలని అది చెప్తుంది. మంజూరైన పోస్టుల్లో ఖాళీలు 10 శాతం దాటొద్దని, వీలైనంతవరకు తల్లిభాషలో చెప్పాలని కూడా చెప్తుంది. ఒక్క సారే ఐదు తరగతులు నడిపే గూడెం బడిలో పరీక్ష పెట్టకముందే ఒకరు ఫెయిలయ్యారు. అది పిల్లలు కాదు, సారు కాదు, సర్కారు.

1940లలో, నిజాం కాలంలోనే, హైమన్‌డార్ఫ్ చొరవతో మార్లవాయిలో గోండు యువకులకు పంతుళ్లుగా శిక్షణ ఇచ్చారు, గోండీలో వాచకాలు వేశారు. 2000లో వచ్చిన జీవో 3 ఏజెన్సీ బడుల టీచరు పోస్టులన్నీ స్థానిక ఆదివాసులకే ఇచ్చింది. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. మన మాట తెలిసిన పంతులు మన బడికి వచ్చే దారి ఇరుకైంది. దానికి ఎవరి మార్కులు తగ్గాయి?

కింది వాళ్లనే బెదిరిస్తే ఏమైతదో అమెరికా చూసింది. అక్కడ 2002లో వచ్చిన చట్టం మార్కులు పెరగని బడుల మీద చర్యలు పెట్టింది. అట్లాంటా నగరంలో 44 బడుల్లో 178 మంది టీచర్లు, ప్రిన్సిపాళ్లు మార్కుల మోసంలో ఉన్నారని 2011లో విచారణ తేల్చింది. భయపెడితే అంకెలు పెరుగుతాయి, చదువు పెరగదు.

అందుకే సార్లూ, మేడమ్‌లూ, పైవాళ్ల మెప్పు కోసం లేని హాజరు, రాని మార్కులు రాయకండి. మీరు రాసే ప్రతి దొంగ అంకె సర్కారును పాస్ చేస్తుంది.

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా! బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలని చట్టం. మీ అమ్మను అందులో కూర్చోబెట్టండి, పక్కన మీరు నిలబడండి. పోస్టులెన్ని, ఖాళీలెన్ని, మన భాష వచ్చిన పంతుళ్లెందరు? ఈ మూడు లెక్కలు సమాచార హక్కు కింద రాతపూర్వకంగా అడగండి. వచ్చిన జవాబును గ్రామసభలో గోండీలో, కొలామీలో చదివి వినిపించండి. పిల్లల ప్రోగ్రెస్ కార్డు మీద వేలిముద్ర వేసే మన అవ్వలు, ఇక సర్కారు ప్రోగ్రెస్ కార్డు కూడా చూడాలె.