వెళ్ళి పలకరిస్తేనే మనవాళ్ళు

కొత్త బడిలో చేరిన మొదటి రోజు మనందరికీ ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది. "మీది ఏ ఊరు?" అక్కాతమ్ముళ్ళం మేమిద్దరం ఈ ప్రశ్నకు ఒక్కో బడిలో ఒక్కో జవాబు చెప్పాం. పుట్టింది హనుమకొండలో. అక్షరాలు దిద్దింది విశాఖపట్నంలో. తరువాత భోపాల్, ఇప్పుడు సూరత్. నాన్నకు బదిలీ అయిన ప్రతిసారీ టీసీలు, పుస్తకాలు, అట్టపెట్టెల్లో సర్దిన సామాను మాతో వస్తాయి. స్నేహితులు మాత్రం అక్కడే ఉండిపోతారు.

బదిలీ అయితే స్నేహం కూడా అయిపోయినట్టేనని మేము చాలాకాలం అనుకున్నాం. మీలో కూడా చాలామంది అలాగే అనుకుంటూ ఉంటారు. అది తప్పని ఇప్పుడు మా అభిప్రాయం. బదిలీ మనల్ని దూరం మాత్రమే చేస్తుంది. ఆ తరువాత మనం వెళ్ళకపోవడం వల్లే స్నేహం తెగిపోతుంది. ఈ సంగతి మాకు మా తాతయ్య, నానమ్మల వల్ల తెలిసింది.

తాతయ్య ఆర్డినెన్స్ ఫ్యాక్టరీల్లో పనిచేశారు. చంద్రపూర్ దగ్గర భద్రావతి, నాగపూర్‌లో అంబాఝరీ, ఆ తరువాత భుసావల్. నానమ్మ టీచరు. నాన్న కూడా మనలాగే కేంద్రీయ విద్యాలయాల్లో చదువుకున్నవాడే. తాతయ్యకు ఇప్పుడు 68 ఏళ్ళు, నానమ్మకు 65. పోయిన జనవరిలో వాళ్ళిద్దరూ హనుమకొండ నుంచి సూరత్‌కు తమ పాత కారులో వచ్చారు.

ఈ మాట మొదట ఫోనులో చెప్పినప్పుడు మా ఇంట్లో పెద్ద గొడవే జరిగింది. "ఈ వయసులో వెయ్యి కిలోమీటర్లకు పైగా కారులోనా? హాయిగా నవజీవన్ ఎక్కితే ఒక రోజు లోపల వచ్చేస్తారు కదా!" అన్నాడు నాన్న. అమ్మ కూడా నాన్న వైపే. నిజం చెప్పాలంటే మేము కూడా.

తాతయ్య చెప్పిన జవాబు మాకు ఇప్పటికీ గుర్తుంది. "రైలు మమ్మల్ని నీ దగ్గరికి తీసుకొస్తుంది. మా వాళ్ళ ఇళ్ళను మాత్రం దాటుకుంటూ వస్తుంది." ఇన్నేళ్ళూ సూరత్ వైపు వచ్చిన ప్రతిసారీ భుసావల్ స్టేషన్‌కు ఒక పాత మిత్రుడు టిఫిన్ డబ్బా పట్టుకుని వచ్చేవారట. రైలు ఆగిన ఆ కొద్ది నిమిషాల్లో కిటికీలోంచి డబ్బా అందుకోవడం, "బాగున్నావా?" అనుకోవడం, అంతే. నాగపూర్‌లోని ఇంకో మిత్రుడిని అయితే "ఈసారి కాదు, మళ్ళీసారి వస్తాం" అంటూ పదేళ్ళు వాయిదా వేశారు. ఆయన అంతకు ముందు ఏడు పోయారు. ఆ కబురు తాతయ్యకు తెలిసేసరికి పది రోజులు దాటింది. ఇంకెవరి విషయంలోనూ అలా జరగకూడదని ఇద్దరూ అప్పుడే నిర్ణయించుకున్నారు.

అయితే వాళ్ళు మొండిగా బయలుదేరలేదు. ముందు డాక్టరు దగ్గర కళ్ళు, బీపీ, షుగరు చూపించుకున్నారు. 55 ఏళ్ళు దాటినవారికి డ్రైవింగ్ లైసెన్సును ఒకసారికి అయిదేళ్ళకే ఇస్తారు. ఆ తేదీలు కూడా సరిచూసుకున్నారు. రోజుకు 250 కిలోమీటర్లు మించకూడదు, పొద్దున పొగమంచు విడిపోయాకే బండి తీయాలి, చీకటి పడకముందే ఎవరో ఒకరి ఇల్లు చేరాలి, రెండు గంటలకు ఒకసారి ఆగి నాలుగు అడుగులు నడవాలి. ఇవీ వాళ్ళు పెట్టుకున్న నియమాలు. నానమ్మకూ డ్రైవింగ్ వచ్చు కాబట్టి స్టీరింగు చేతులు మారుతూ వచ్చింది. రైలులో ఒక రోజు కూడా పట్టని దారికి వాళ్ళకు తొమ్మిది రోజులు పట్టింది.

డిక్కీ నిండా సకినాల డబ్బాలు. ఆగిన ప్రతి ఇంట్లో ఒక డబ్బా ఇచ్చారు. మంచిర్యాలలో చుట్టాలు, భద్రావతిలో పాత పొరుగువాళ్ళు. నాగపూర్‌లో ఆ పోయిన మిత్రుడి ఇంటికి వెళ్ళినప్పుడు ఆయన భార్య వంటింట్లోంచి ఒక స్టీలు గిన్నె తెచ్చి నానమ్మ చేతిలో పెట్టిందట. గిన్నె అంచు మీద నానమ్మ పేరు చెక్కి ఉంది. బదిలీ అయ్యే ముందు ఏదో కూర పంపిన గిన్నె అది. "ఖాళీ గిన్నె తిరిగి ఇవ్వకూడదు కదా, మీరు వస్తే నింపి ఇద్దామని ఉంచాను" అని ఆమె ఆ గిన్నె నిండా నువ్వుల లడ్డూలు పోసి ఇచ్చింది. ఈ సంగతి చెబుతున్నప్పుడు నానమ్మ కళ్ళు తుడుచుకుంది. తాతయ్య చాలాసేపు మాట్లాడలేదు.

నాగపూర్ నుంచి 53వ నంబరు జాతీయ రహదారి మీద అమరావతి, అకోలా దాటి భుసావల్ చేరారు. డబ్బా తెచ్చే ఆ మిత్రుడి ఇంట్లో ఈసారి రెండు రాత్రులు ఉన్నారు. రాష్ట్రాల సరిహద్దులో ఉన్న నవాపూర్ రైల్వే స్టేషన్‌కు సరదాగా వెళ్ళారు. ఆ స్టేషన్ సగం మహారాష్ట్రలో, సగం గుజరాత్‌లో ఉంటుంది. సరిహద్దు గీత పడిన బెంచీ మీద నానమ్మ మహారాష్ట్రలో, తాతయ్య గుజరాత్‌లో కూర్చుని ఫోటో దిగి మాకు పంపారు. ఆ ఫోటో చూశాకే నాన్న కోపం పోయింది.

సూరత్ వచ్చాక కూడా తాతయ్య ఊరుకోలేదు. "లింబాయత్ ఎక్కడ?" అని అడిగారు. మేము సూరత్‌లో రెండేళ్ళుగా ఉంటున్నాం. క్వార్టర్స్, బడి, మాల్ తప్ప ఏమీ చూడలేదు. తాతయ్యతో చిన్నప్పుడు చదువుకున్న ఒకాయన నలభై ఏళ్ళ కిందట మరమగ్గాల పనికి ఇక్కడికి వచ్చారట. లింబాయత్ వెళ్తే అక్కడ ఎన్నో తెలుగు కుటుంబాలు! ఎక్కువమంది తెలంగాణ జిల్లాల నుంచి వచ్చిన పద్మశాలీలు. ఈ నగరపాలక సంస్థ బడుల్లో తెలుగు మాధ్యమం కూడా ఉందని మాకు ఆ రోజే తెలిసింది. ఆ తాత మాకు పోంక్ పెట్టారు. చలికాలంలో సూరత్‌లో దొరికే లేత జొన్న గింజలు అవి. "ఇవి మన ఊచబియ్యమే కదరా!" అని మిత్రులిద్దరూ చిన్నపిల్లల్లా నవ్వుకున్నారు. ఉత్తరాయణం నాడు వాళ్ళ డాబా మీద గాలిపటాలు ఎగరేశాం, ఉంధియు తిన్నాం. మేము ఉంటున్న ఊరిని మాకు చూపించడానికి హనుమకొండ నుంచి ఇద్దరు రావలసి వచ్చింది.

రిటైరైన వాళ్ళు బండి వేసుకుని తిరగడం ప్రపంచానికి కొత్త కాదు. అమెరికాలో, కెనడాలో చలికాలం రాగానే దక్షిణాదికి వెళ్ళే పెద్దవాళ్ళను మంచు పక్షులు అంటారు. ఆస్ట్రేలియాలో నెలల తరబడి దేశమంతా తిరిగే పెద్దవాళ్ళూ ఉన్నారు. వాళ్ళలో ఎక్కువమంది ఎండ కోసం, చూడదగిన చోట్ల కోసం వెళ్తారు. మా తాతయ్య, నానమ్మ మనుషుల కోసం వెళ్ళారు. బదిలీ ఉద్యోగాల కుటుంబాలకు ఈ రకం ప్రయాణమే ఎక్కువ అవసరమని మా ఉద్దేశం.

"ఇప్పుడు వీడియో కాల్ ఉంది కదా, వెళ్ళాలా?" అని మీరు అడగవచ్చు. ఫోను మంచిదే. మేమూ రోజూ వాడతాం. కానీ మా సంగతే చూడండి. విశాఖ వదిలినప్పుడు మా ప్రాణ స్నేహితులతో రోజూ మాట్లాడుకునేవాళ్ళం. తరువాత వారానికోసారి, ఆ తరువాత పుట్టినరోజులకు, ఇప్పుడు అదీ లేదు. రెండుసార్లు వేసవి సెలవుల్లో విశాఖ మీదుగానే వెళ్ళాం కానీ వాళ్ళ ఇంటికి పోలేదు. స్టేషన్‌కు రమ్మని కూడా చెప్పలేదు. టిఫిన్ డబ్బా తెచ్చిన ఆ మిత్రుడి పాటి ప్రయత్నం కూడా మేము చేయలేదు.

పెద్దవాళ్ళందరూ కారు తీయాలని మేము అనడం లేదు. ఆరోగ్యం బాగాలేని వారు, అంత ఖర్చు పెట్టుకోలేని వారు ఉంటారు. అలాంటప్పుడు మనమే రైలెక్కి వెళ్ళాలి. ప్రతి సెలవుల్లో ఒక్క ఇల్లయినా చాలు. ఇంకో మాట. మీ తాతయ్యో అమ్మమ్మో ఎక్కడికైనా వెళ్తామంటే వెంటనే "ఈ వయసులో ఎందుకు?" అనకండి. ఎవరిని చూడాలనుకుంటున్నారో ముందు అడగండి. మేము ఆ ప్రశ్న అడగలేదు.

1963లో మొదలైన కేంద్రీయ విద్యాలయాల ముఖ్య ఉద్దేశాల్లో ఒకటి బదిలీ ఉద్యోగుల పిల్లల చదువు ఆగకుండా చూడడం. అందుకే భోపాల్‌లో ఆపిన పాఠాన్ని సూరత్‌లో అదే పుస్తకంలో కొనసాగించగలిగాం. చదువుకు ఆ ఏర్పాటు ఉంది. స్నేహానికి మాత్రం ఎవరూ ఏర్పాటు చేయరు. అది మనమే చేసుకోవాలి.

వచ్చే వేసవికి నాన్నకు మళ్ళీ బదిలీ ఉంటుందని అంటున్నారు. ఎక్కడికో తెలియదు. ఎక్కడికైనా సరే, సామాను సర్దేలోపు విశాఖకు రెండు టికెట్లు తీయమని నాన్నను అడిగాం. సరేనన్నాడు. నానమ్మ ఆ స్టీలు గిన్నెను మా వంటింట్లో వదిలి వెళ్ళింది. దాన్ని నింపి తీసుకువెళ్తాం.