వేపకు దొరికిన పరీక్ష పసుపుకు ఎప్పుడు?

2021 వానాకాలం చివర మన ఊళ్ళలో వేపచెట్లు ఎట్లా మాడిపోయాయో ఎవరమూ మరచిపోలేదు. నిప్పు సెగ తగిలినట్టు చిగుళ్ళు ఎండి, కొమ్మలు కొసల నుంచి కిందికి చచ్చుకుంటూ వచ్చాయి. బాయి గడ్డ మీది వేప, బడి ముందటి వేప, అన్నీ ఒకే తీరు. గాలిలో విషం కలిసిందని కొందరు, కలికాలం అని కొందరు అన్నారు. చివరికి వ్యవసాయ విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు ఇది ఫోమాప్సిస్ అజాడిరక్టే అనే శిలీంధ్రం పని అని, టీ దోమ కుట్టిన గాయాలు దానికి తోడయ్యాయని చెప్పారు. డెహ్రాడూన్ దిక్కు 1990లలోనే కనిపించిన రోగం అది. చాలా చెట్లు ఎండాకాలంలో మళ్ళీ చిగురించాయి, అది వేప మొండితనం.

ఆ శిలీంధ్రాన్ని డీఎన్ఏ పరీక్షతో గుర్తించే పద్ధతిని మైసూరు పరిశోధకులు 2006లోనే ప్రచురించారు. అడవి చెట్లదీ ఇదే కథ. మాను లోపల చేవ కుళ్ళి డొల్ల అయ్యాక గానీ పైన కుక్కగొడుగు కనిపించదు. అప్పటికి చేసేదేమీ ఉండదు. అందుకే మానుకు సన్నని రంధ్రం వేసి, వచ్చిన పొట్టులోంచి డీఎన్ఏ తీస్తారు. అందులో ఐటీఎస్ అనే భాగాన్ని లక్షల నకళ్ళుగా పెంచి, చదివి, భద్రపరచిన జాబితాతో పోల్చి చూస్తారు. శిలీంధ్రాలన్నిటికీ ఈ ఐటీఎస్‌నే గుర్తింపు కార్డుగా 2012లో శాస్త్రవేత్తలు ఎంచుకున్నారు.

అడవి సంగతి మోర్తాడ్ రైతుకెందుకు అంటారా? మన పసుపు దుంపకుళ్ళు కోసం. మడిలో ఆకు అంచులు పసుపుబారగానే మనం దుకాణానికి పరుగెత్తుతాం. ఆయన ఏ డబ్బా ఇస్తే అదే పోస్తాం. కానీ కుళ్ళు ఒకటి కాదు. పితియం వల్ల వచ్చేది ఒకటి, ఫ్యుజేరియం వల్ల వచ్చేది మరొకటి, రెండూ కలిసి వచ్చే చేన్లూ ఉన్నాయి. పితియం అసలు నిజమైన శిలీంధ్రమే కాదు, నీటి బూజుల జాతి. దాని మీద కార్బెండజిమ్ పనిచేయదు, మెటలాక్సిల్ కావాలి. ఫ్యుజేరియం మీద మెటలాక్సిల్ పోస్తే పైసలు మట్టిలో కలిసినట్టే. పేరు తెలియని రోగానికి మందు కొనడం అంటే చీకట్లో రాయి విసరడమే, ఆ రాయి ఖరీదు మాత్రం మనదే.

ఈ పరీక్షతో అన్నీ తేలిపోతాయని మేము అనడం లేదు. డీఎన్ఏ అక్కడ ఏముందో చెబుతుంది, రోగం దానివల్లే వచ్చిందని చెప్పదు. చచ్చిన దుంప మీద చేరే బూజులూ అందులో పడతాయి. దగ్గరి చుట్టాలైన ఫ్యుజేరియం రకాలను ఐటీఎస్ ఒక్కటే విడదీయలేదు. అందుకే చేను చూసిన శాస్త్రవేత్త మాట పక్కన ఉండాలి. దీని అసలు లాభం విత్తనం దగ్గర. పైకి శుభ్రంగా కనిపించే విత్తన కొమ్ములో రోగం దాగి ఉందో లేదో నాటకముందే తెలుసుకోవచ్చు.

2019లో పసుపు రైతులు 170 మందికి పైగా నిజామాబాద్ లోక్‌సభకు నామినేషన్ వేసి పోరాడారు. 2025 జనవరి 14న జాతీయ పసుపు బోర్డు ఇక్కడే ప్రారంభమైంది. కమ్మర్‌పల్లిలో పసుపు పరిశోధనా స్థానం మన పక్కనే ఉంది. బోర్డు కేవలం ఎగుమతుల మాటలతో సరిపెట్టకూడదు. కమ్మర్‌పల్లిలో నమూనాలు తీసుకుని, ఖర్చు బోర్డు భరించి, వారంలోగా ఫలితం తెలుగులో రైతు చేతికి ఇవ్వాలి. మే నెలలో నాటే ముందు విత్తన కొమ్ముల పరీక్ష మొదలుకావాలి. ఇది మా డిమాండ్, దీనిమీద వినతిపత్రం ఇస్తాం.

సభ్యులకు ఒక మాట. కుళ్ళు కనబడితే పూర్తిగా మురిగిన దుంప తేవద్దు, అందులో చెత్త బూజులే దొరుకుతాయి. రోగం ఇప్పుడిప్పుడే మొదలైన మొక్కను, వేళ్ళతో, చుట్టూ మట్టితో సహా తవ్వండి. పాలిథీన్ సంచిలో కాకుండా పాత పేపర్లో చుట్టి, అదే రోజు అందేలా తీసుకురండి.