జక్కయ్య రెండు ఖాతాలు

ప్రపంచ బ్యాంకు పేరు వినని తెలుగువారు అరుదు. 1944లో బ్రెట్టన్‌వుడ్స్ సమావేశంలో పుట్టిన ఈ సంస్థ పేదరికాన్ని తుడిచివేయడమే తన పని అంటుంది. ఆ పనిమీద దాని ఉద్యోగులు దేశదేశాలకు విమానాల్లో తిరుగుతారు. వాషింగ్టన్‌లోని పెద్ద కార్యాలయాలకు కరెంటు కావాలి. ఇలా గాలిలో కలిసే బొగ్గుపులుసు వాయువు లెక్కనే ‘కర్బన పాదముద్ర’ అంటున్నారు. అంతమేరకు మరెక్కడో పొగ తగ్గించే పనులకు డబ్బిచ్చి, కర్బన క్రెడిట్లు కొని, 2009 నుంచి తన లెక్క సరిపోయిందని బ్యాంకు చెబుతూ వచ్చింది.

దీన్ని మధ్యయుగాల్లో అమ్మిన పాపపరిహార పత్రాలతో పోల్చేవారున్నారు. ఆ పోలిక మాకంతగా నచ్చదు. క్రెడిటు సొమ్ముతో ఎక్కడో ఒకచోట పొగ నిజంగానే తగ్గవచ్చు కదా! మాకు గుర్తొచ్చేది సుంకపు గుత్తదారుడైన జక్కయ్య.

యేసుప్రభువు తన ఇంటికి వచ్చిన రోజున జక్కయ్య రెండు తీర్మానాలు చేశాడు (లూకా 19:8). ఆస్తిలో సగం బీదలకిస్తానన్నాడు. అన్యాయంగా ఎవరి దగ్గర తీసుకున్నాడో వారికి నాలుగంతలు తిరిగిస్తానన్నాడు. ప్రసంగాల్లో ఈ రెంటినీ కలిపి ‘జక్కయ్య దాతృత్వం’ అనేస్తుంటారు. కానీ అవి వేర్వేరు ఖాతాలు. ఒకటి దానం, రెండోది బాకీ. బీదలకు సగం ఇచ్చాను గనుక నష్టపోయినవారి బాకీ చెల్లిపోయిందని అతడు అనలేదు. ధర్మశాస్త్రమూ అంతే: అపరాధి అసలుకు అయిదో వంతు కలిపి, ఎవరికి అపరాధం చేశాడో అతనికే చెల్లించాలి (సంఖ్యాకాండము 5:7).

ఇప్పుడు దక్షిణాఫ్రికా సంగతి చూద్దాం. 2010 ఏప్రిల్‌లో బ్యాంకు అక్కడి ప్రభుత్వ విద్యుత్ సంస్థ ఎస్కామ్‌కు 375 కోట్ల డాలర్ల రుణం మంజూరు చేసింది. అందులో ఎక్కువ భాగం లింపోపో రాష్ట్రంలోని మెదూపి బొగ్గు విద్యుత్ కేంద్రానికే. దాని సామర్థ్యం దాదాపు 4,800 మెగావాట్లు. సమీపంలోని లెఫలాలే ప్రాంతవాసులు గాలి గురించీ నీటి గురించీ బ్యాంకు తనిఖీ మండలికి మొరపెట్టుకున్నారు. గంధక వాయువును అరికట్టే పరికరాలు అమర్చాలని ఒప్పందంలో ఉన్నా, ఆ పని ఏళ్ల తరబడి వాయిదా పడింది.

ఆ దేశం 2008లో కరెంటు కోతలతో అల్లాడిన మాట నిజం. పేదవాడి ఇంట దీపం వెలగనక్కర్లేదని మేము అనం. మా అభ్యంతరం లెక్క రాసే తీరుమీద. అధికారి ఎక్కిన విమానం బ్యాంకు పాదముద్రలో ఉంటుంది. బ్యాంకు అప్పుతో లేచిన పొగగొట్టం ఉండదు. పుదీనాలోనూ జీలకర్రలోనూ పదో వంతు కొలిచి న్యాయాన్ని విడిచినవారిని ప్రభువు గద్దించింది ఇందుకే (మత్తయి 23:23). పుదీనా లెక్క మానేయమని మాత్రం ఆయన అనలేదు సుమా!

మన తీరానికీ ఈ బ్యాంకుతో లావాదేవీ ఉంది. 2014 అక్టోబరులో హుద్‌హుద్ విశాఖను కుదిపేశాక, పునర్నిర్మాణానికి 2015లో 25 కోట్ల డాలర్లు ఇవ్వడానికి ముందుకొచ్చింది. మేలే చేసింది. అయితే అది అప్పు. ఫలానా తుపానును ఫలానా పొగగొట్టానికి ముడిపెట్టలేం గానీ, వేడెక్కే సముద్రం పక్కన బతికేవారు తమను తాము బాగుచేసుకోవడానికి కూడా అప్పు తీర్చాల్సి రావడం మమ్మల్ని కలవరపెడుతోంది.

బ్యాంకు మారలేదనడం అన్యాయం. అరుదైన సందర్భాల్లో తప్ప బొగ్గు కేంద్రాలకు అప్పివ్వబోమని 2013లో, 2019 తర్వాత చమురు, గ్యాస్ వెలికితీతకు డబ్బు పెట్టబోమని 2017లో ప్రకటించింది. గుత్తదారుడు వసూలు పద్ధతి మార్చుకున్నాడన్నమాట, సంతోషం. ఇక రెండో ఖాతా తెరవాలి. టికెట్ల పాదముద్ర అచ్చువేసే పేజీలోనే రుణాల పాదముద్రనూ అచ్చువేయాలి. లెఫలాలే వంటి ఊళ్లవారికి చెల్లించవలసినది క్రెడిట్ల రూపంలో మరో ఖండానికి కాక, వారి చేతికే చేరాలి.