నొప్పి తగ్గింది... మరి జబ్బు?

పెళ్లివిందు. మటన్‌ కూర, రొయ్యల వేపుడు... ఆపైన మిత్రులతో రెండు సీసాల బీరు. ఇంటికొచ్చి హాయిగా పడుకున్న మనిషి అర్ధరాత్రి దాటాక కెవ్వుమని లేచి కూర్చుంటాడు. కాలి బొటనవేలి మొదట్లో నిప్పు పెట్టినట్టు మంట. కప్పుకున్న దుప్పటి తగిలినా ఓర్చుకోలేడు. తెల్లారేసరికి వేలు ఎర్రగా వాచి నిగనిగలాడుతుంటుంది. పడిందీ లేదు, దెబ్బ తగిలిందీ లేదు. చాలామందిని గౌట్‌ మొదటిసారి పలకరించే తీరు ఇదే.

ఆ రోజు చుట్టాలంతా వైద్యులే! ‘బావా, మాత్రల జోలికి పోకు. కిడ్నీలు పాడవుతాయి. గ్లాసు నీళ్లలో రెండు చెంచాల యాపిల్‌ సిడార్‌ వెనిగర్‌ కలుపుకుని పొద్దునా సాయంత్రం తాగు. మా ఆఫీసులో ఒకాయనకి వారంలో తగ్గిపోయింది’ అంటూ బావమరిది ఫోను. సాయంత్రానికల్లా సీసా ఇంటికొస్తుంది. పులుపుకి మొహం చిట్లిస్తూనే తాగుతాడు. ఎనిమిదో రోజుకి వాపు తీస్తుంది. పదో రోజున చెప్పులేసుకుని కూరగాయలకి వెళ్లొస్తాడు. ఇక ఆ ఇంట్లో వెనిగర్‌ సీసాకి దేవుడి గూట్లో చోటివ్వడం ఒక్కటే తక్కువ.

తిరకాసంతా ఇక్కడే ఉంది. గౌట్‌ నొప్పి ఎంత హఠాత్తుగా వస్తుందో, ఏమీ చెయ్యకపోయినా వారం, రెండు వారాల్లో మామూలుగా తనంతట తానే అలా తగ్గిపోతుంది. ఆ పది రోజులూ వెనిగర్‌ బదులు మిరియాల చారు తాగినా ఫలితం అదే. కాకి వాలడం, తాటిపండు పడటం... రెండూ ఒకేసారి జరిగితే పుణ్యం కాకికి దక్కినట్టు!

అసలేం జరుగుతుందంటే... మన కణాల్లోనూ, తినే ఆహారంలోనూ ప్యూరిన్లనే పదార్థాలుంటాయి. అవి విచ్ఛిన్నమైనప్పుడు యూరిక్‌ ఆమ్లం తయారవుతుంది. అందులో సుమారు మూడింట రెండొంతులు మూత్రపిండాల ద్వారా, మిగతాది పేగుల ద్వారా బయటికి పోవాలి. అలా పోవడం తగ్గితే రక్తంలో పేరుకుంటుంది. డెసిలీటరు రక్తంలో 6.8 మిల్లీగ్రాములు దాటితే ఇక కరిగి ఉండలేక, సూదుల్లాంటి స్ఫటికాలుగా మారి కీళ్లలో చేరుతుంది. శరీరంలో చల్లగా ఉండే చోటు కాబట్టి కాలి బొటనవేలంటే వాటికి మరీ ఇష్టం. ఏదో ఒక రాత్రి తెల్లరక్తకణాలు ఆ స్ఫటికాల మీద విరుచుకుపడతాయి. ఆ యుద్ధమే నొప్పి. కొన్నాళ్లకి యుద్ధం ఆగుతుంది. స్ఫటికాలు మాత్రం ఎక్కడివక్కడే ఉంటాయి.

వెనిగర్‌ వీటిని కరిగిస్తుందా? దానికి ఈ పేరు రావడం వెనక ఓ పుస్తకముంది. అమెరికాలోని వెర్మాంట్‌ రాష్ట్రంలో డి.సి.జార్విస్‌ అనే వైద్యుడు 1958లో ‘ఫోక్‌ మెడిసిన్‌’ రాశాడు. అక్కడి పల్లెల్లో వాడే తేనె, యాపిల్‌ సిడార్‌ వెనిగర్‌ మిశ్రమాన్ని ఆకాశానికెత్తాడు. పుస్తకం విపరీతంగా అమ్ముడుపోయింది. ఒంట్లో ఆమ్లగుణం తగ్గడమే రోగాలకు మూలం, వెనిగర్‌ ఆ లోటు తీరుస్తుందన్నది ఆయన వాదం. ఈనాటి ప్రచారమేమో వెనిగర్‌ ఒంటిని క్షారంగా మార్చి యూరిక్‌ ఆమ్లాన్ని తరిమేస్తుందంటోంది. సీసా అదే, కథ మాత్రం తిరగబడింది! నిజానికి వెనిగర్‌లో ఉండేది ఎసిటిక్‌ ఆమ్లం. ఒంట్లోకి వెళ్లాక అది కార్బన్‌ డయాక్సైడ్‌గా, నీరుగా మారిపోతుంది. రక్తంలో ఆమ్ల, క్షారాల తూకాన్ని ఊపిరితిత్తులు, మూత్రపిండాలు కాపాడుతుంటాయి. రెండు చెంచాల పులుసుకి అది చెదిరిపోదు. మూత్రాన్ని క్షారంగా మార్చి యూరిక్‌ ఆమ్లం రాళ్లను కరిగించే మందు ఉన్నమాట నిజమే. అయితే అది పొటాషియం సిట్రేట్‌, వెనిగర్‌ కాదు.

ఇంకో ముచ్చట. గౌట్‌ రోగుల రక్తంలో యూరిక్‌ ఆమ్లం ఎక్కువగా ఉంటుందని 1848లో చూపించినవాడు లండన్‌ వైద్యుడు ఆల్‌ఫ్రెడ్‌ గారోడ్‌. దాన్ని పట్టుకోవడానికి ఆయన తర్వాత ఓ తేలికైన పరీక్ష కనిపెట్టాడు. రోగి రక్తరసిని గాజుపాత్రలో పోసి, అందులో కాస్త ఎసిటిక్‌ ఆమ్లం కలిపి, ఓ నార పోగు వేసి ఉంచేవాడు. ఒకటి రెండు రోజులయ్యేసరికి పోగు నిండా పటిక బెల్లం పలుకుల్లా యూరిక్‌ ఆమ్లం స్ఫటికాలు! అంటే వెనిగర్‌లో ఉండే ఆమ్లమే అక్కడ స్ఫటికాల్ని పట్టించింది. తాగితే ఒంట్లోనూ ఇలాగే జరుగుతుందని కాదు. కానీ ‘వెనిగర్‌ తగిలితే చాలు స్ఫటికాలు కరిగిపోతాయి’ అనేవాళ్లకి ఈ సంగతి చెప్పాలి.

పోనీ, తాగితే నష్టమేంటి? నీళ్లలో కలిపి ఒకటి రెండు చెంచాలు తాగితే చాలామందికి ఏమీ కాదు. చిక్కదనం తగ్గించకుండా తాగితే గొంతు మండుతుంది. రోజూ తాగితే పళ్ల మీది ఎనామిల్‌ అరుగుతుంది. అతిగా వెళ్తేనే అసలు ప్రమాదం. ఆస్ట్రియాలో రోజుకి పావు లీటరు చొప్పున ఆరేళ్లు తాగిన 28 ఏళ్ల మహిళకి రక్తంలో పొటాషియం పడిపోయిందని, ఎముకలు గుల్లబారాయని వైద్యులు 1998లో నమోదు చేశారు. గౌట్‌ ఉన్నవాళ్లలో చాలామందికి బీపీ కూడా ఉంటుంది. మూత్రం ఎక్కువగా పోయించే బీపీ మాత్రలు వాడేవాళ్లకి ముందే పొటాషియం తగ్గే అవకాశం ఉంది కనక డాక్టరుకి చెప్పకుండా వెనిగర్‌ జోలికి పోకూడదు. అన్నట్టు, ఆ మాత్రల్లో కొన్ని యూరిక్‌ ఆమ్లాన్నీ పెంచుతాయి. అలాగని సొంతంగా ఆపెయ్యకూడదు. డాక్టరే వేరేది రాస్తారు.

వీటన్నిటికన్నా పెద్ద నష్టం, కాలం గడిచిపోవడం. నొప్పి పోయింది కదా అని మన బావగారు పరీక్ష మానేస్తారు. ఆర్నెల్లకో ఏడాదికో మళ్లీ ఓ రాత్రి. ఈసారి మడమ, తర్వాత మోకాలు. ఏళ్లు గడిస్తే వేళ్ల మీద, చెవి అంచున సుద్దముద్దల్లాంటి గడ్డలు తేలతాయి. కీలు అరిగిపోతుంది. మూత్రపిండాల్లో రాళ్లూ పడొచ్చు.

చిత్రమేంటంటే, వెనిగర్‌కి రాని పుణ్యం వచ్చినట్టే అసలు మందుకి లేని నింద వస్తుంది. యూరిక్‌ ఆమ్లాన్ని తగ్గించే అల్లోప్యూరినాల్‌ 1960ల నుంచీ వాడకంలో ఉంది. అది మొదలుపెట్టిన తొలి నెలల్లో పాత స్ఫటికాలు కదలడం వల్ల నొప్పి మళ్లీ రావొచ్చు. ‘మందు పడలేదు’ అని దాన్ని అవతల పడేసి వెనిగర్‌కి మళ్లేది అప్పుడే. నిజానికి అది మందు పనిచేస్తోందనడానికి గుర్తు. ఆ నొప్పి రాకుండా మూడు నుంచి ఆరు నెలలపాటు తక్కువ మోతాదులో కాల్చిసిన్‌ లాంటిది కలిపి ఇస్తారు. అల్లోప్యూరినాల్‌ని రోజుకి 100 మిల్లీగ్రాములు, కిడ్నీ జబ్బుంటే ఇంకా తక్కువతో మొదలుపెట్టి, యూరిక్‌ ఆమ్లం 6కి దిగేదాకా మెల్లగా పెంచుతారు. ఒంటి మీద దద్దుర్లొస్తే మాత్రం వెంటనే ఆపి డాక్టరు దగ్గరికి వెళ్లాల్సిందే.

రక్తపరీక్ష విషయంలోనూ ఓ మెలిక ఉంది. నొప్పి ఉధృతంగా ఉన్నప్పుడు చేయిస్తే యూరిక్‌ ఆమ్లం మామూలుగానే కనిపించొచ్చు. తగ్గిన రెండు మూడు వారాలకి మళ్లీ చూస్తేనే అసలు లెక్క తెలుస్తుంది. కీలు వాచి, దాంతోపాటు జ్వరం, చలి కూడా ఉంటే అది గౌటేనని ఇంట్లో తేల్చెయ్యకూడదు. కీలులో చీము పట్టినా అలాగే ఉంటుంది. అప్పుడు ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి.

మరి తిండి? గౌట్‌ అనగానే మన ఇళ్లలో పప్పు, పాలకూర, టమాటా అన్నీ బంద్‌! ఇంత శిక్ష అక్కర్లేదు. అమెరికాలో 47 వేలమందికి పైగా మగవాళ్లని 12 ఏళ్లు గమనించి 2004లో ప్రచురించిన పరిశోధనలో మాంసం, చేపలు, రొయ్యల వంటివి ఎక్కువ తిన్నవాళ్లకే గౌట్‌ ఎక్కువగా వచ్చింది. ప్యూరిన్లున్న కూరగాయలు, పప్పులతో ఆ ముప్పు కనిపించలేదు. పాలు, పెరుగు వాడేవాళ్లలో ఇంకా తక్కువే. కాబట్టి పప్పన్నం, మజ్జిగ నిశ్చింతగా తినొచ్చు. తగ్గించాల్సినవి కాలేయం, మెదడు లాంటి మాంసాలు, రొయ్యలు, మద్యం... అందులోనూ బీరు. తియ్యటి కూల్‌డ్రింకులు కూడా. అయితే పథ్యం ఒక్కదానితో యూరిక్‌ ఆమ్లం తగ్గేది కొంచెమే. 9 ఉన్నవాళ్లు 6కి రావాలంటే సాధారణంగా మందు కావాలి.

ఇక కొనుక్కొచ్చిన ఆ సీసా సంగతి. పారెయ్యక్కర్లేదు. చక్రాల్లా తరిగిన ఉల్లిపాయల మీద రెండు చెంచాలు వేసి, చిటికెడు ఉప్పు చల్లి అరగంట ఉంచితే పప్పన్నంలోకి భలే ఉంటాయి.